దాఖలు కాని దావాలు: శిస్తు బకాయిలు, కోర్టు ఖర్చులు, బుక్కరాయసముద్రం రైతు

వలసపాలనా కాలపు భూమిశిస్తును గురించి వచ్చిన పరిశోధనలు సాధారణంగా శిస్తు రేటు చుట్టూ తిరుగుతాయి. పంటలో ఎన్నో వంతు సర్కారుకు పోయింది, మన్రో ఎంత వేశాడు, తరువాతివారు ఎంత తగ్గించారు అన్న ప్రశ్నలకు లెక్కలు దొరుకుతాయి కనుక చర్చ అక్కడే నిలుస్తుంది. ఈ వ్యాసం అడిగే ప్రశ్న వేరు. తన భూమిని సర్కారు అన్యాయంగా జప్తు చేసిందని, వేలం వేసిందని ఒక రైతు నమ్మినప్పుడు, ఆ మాట న్యాయస్థానంలో అనడానికి అతడికి ఎంత ఖర్చయ్యేది? ఆ ఖర్చును ఏ చట్టం ఏ లెక్కన నిర్ణయించింది? బకాయి వసూలుకు అయిన ఖర్చూ రైతుదే, ఆ వసూలును ప్రశ్నించడానికి అయ్యే ఖర్చూ రైతుదే అన్న ఏర్పాటు శిస్తు రేటుతో సమానంగా పల్లె జీవితాన్ని శాసించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు అనంతపురం కరవుసీమలోని బుక్కరాయసముద్రాన్ని నిలబడి చూసే చోటుగా తీసుకుంటున్నాను.

బుక్కరాయసముద్రం పండమేరు మీద కట్టిన పెద్దచెరువు కట్ట ఒక కొసన ఉన్న ఊరు. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కాలంలో, 1364లో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు ఈ చెరువు కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. కట్ట ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ తరువాత ఈ ప్రాంతం హండే వంశపు పాళెగాళ్ళ ఏలుబడిలోకి వచ్చింది. సాహిత్య విద్యార్థులకు ఈ ఊరు కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ ద్వారా పరిచితం. తెగబోతున్న కట్టను నిలపడానికి ప్రాణమిచ్చిన కోడలి కథకు మూలం ఈ చెరువే. రెవెన్యూ లెక్కల్లో ఈ చెరువుకు ఉన్న అర్థం మరొకటి. దాని ఆయకట్టు తరి. దాని నీరందని ఎర్ర గరపనేలలు మెట్ట. బావుల కింద సాగయ్యేది తోట. తరి శిస్తులో నీటి వెల కూడా కలిసే ఉంటుంది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ మాత్రమే వాన పడే ఈ పీఠభూమిలో చెరువు నిండని ఏడు కొత్త కాదు. నిండనప్పుడు తరి శిస్తులో మాఫీ ఇచ్చే ఆనవాయితీ ఉండేది. మెట్టకైతే గడ్డుకాలంలో ప్రత్యేక ఉత్తర్వు ఉంటేనే మాఫీ. రెండు చోట్లా మాఫీ అధికారి దయ మీద ఆధారపడినదే గాని, రైతు హక్కుగా అడిగి సాధించుకోదగినది కాదు. కోర్టు ఖర్చుల కథకు ఈ సంగతి మూలం. హక్కు కానిదాని కోసం దావా వేయడం కుదరదు.

మన్రో కచేరీ

1800 అక్టోబరులో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, అనంతపురంలోనే కచేరీ పెట్టుకుని పని మొదలుపెట్టాడు. 1807 దాకా సాగిన అతడి పాలనలో రైతువారీ పద్ధతి ఇక్కడ వేళ్ళూనింది. ఆ పద్ధతిలో సర్కారుకూ రైతుకూ మధ్య జమీందారు లేడు. దాన్ని రైతుకు దక్కిన గౌరవంగా చెప్పడం పరిపాటి. కాని మధ్యవర్తి లేకపోవడం వల్ల బకాయి పడ్డ రైతు నేరుగా రాజ్యానికే బాకీదారు అయ్యాడు. ఒక రైతు చెల్లించలేకపోతే ఆ లోటును పదిశాతం మించకుండా ఊరివారి మీద వేసే నిబంధన కూడా మన్రో ఏర్పాటులో భాగమే. అందువల్ల ఇరుగుపొరుగు బకాయి తన నెత్తిన పడుతుందేమోనని ఊరు ఊరంతా కాపలా కాయవలసి వచ్చేది.

బకాయిదారు ఇంటి ముందు బంట్రోతును కూర్చోబెట్టి, వాడి బత్తా ఆ రైతుచేతనే కట్టించుకోవడం కంపెనీకి ముందునుంచీ ఉన్న అలవాటు. కొత్త పాలన దాన్ని మాన్పలేదు. కాలక్రమంలో చట్టంలోకి ఎక్కించింది. వసూలు ఖర్చు వసూలైనవాడిదే అన్న సూత్రం అంత పాతది. ఊళ్ళమీద ఊళ్ళు పడ్డా కరణంమీద కాసు పడదన్న సామెత కరణాన్ని ఎత్తిపొడవడానికే పుట్టినా, ఈ సూత్రానికి కూడా సరిగ్గా అమరుతుంది.

తాను వేసిన శిస్తు ఎక్కువగా ఉందని మన్రోయే ఒప్పుకున్నాడు. 1807 ఆగస్టులో రాసిన నివేదికలో అన్ని భూముల మీదా నాలుగో వంతు తగ్గించాలని, బావుల కింద తోటలకు మరో ఎనిమిది శాతం తగ్గించాలని సిఫారసు చేశాడు. మద్రాసులో అప్పుడది చెల్లలేదు. ఊళ్ళను మూడేళ్ళకు, ఆ తరువాత పదేళ్ళకు కౌలుదార్లకు గుత్తకిచ్చారు. ఆ గుత్తదార్ల చేతికి 1802 నాటి 28వ రెగ్యులేషన్ అందించిన జప్తు అధికారం వచ్చింది. తగ్గింపు అమలు కావాలంటే మన్రో 1820లో గవర్నరై తిరిగి రావలసి వచ్చింది. శిస్తు వేసిన అధికారే ఎక్కువని రాతపూర్వకంగా చెప్పిన మొత్తాన్ని పుష్కరం పైగా వసూలు చేశారన్నమాట. రైతు ఆ నివేదికను చేత పట్టుకుని ఏ న్యాయస్థానం మెట్లెక్కినా ఉపయోగం ఉండేది కాదు.

కోర్టుల గురించి మన్రోకు స్పష్టమైన అభిప్రాయాలున్నాయి. కార్న్‌వాలిస్ నమూనాలో ఏర్పడ్డ జిల్లా కోర్టులు దూరమని, ఆలస్యమని, పల్లెవాడి తాహతుకు మించినవని అతడు విమర్శించాడు. 1814లో న్యాయవ్యవస్థ సంస్కరణకు వేసిన కమిషన్‌కు అధ్యక్షుడై వచ్చిన తరువాత, 1816లో వరుసగా రెగ్యులేషన్లు వెలువడ్డాయి. వాటిలో నాలుగోది గ్రామపెద్దను మునసబుగా చేసి, పది రూపాయల లోపు తగాదాలను ఊళ్ళోనే తీర్చే అధికారమిచ్చింది. ఐదోది గ్రామ పంచాయతీలను గుర్తించింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. చౌకన్యాయం రైతుకూ రైతుకూ మధ్య తగాదాలకు ఏర్పడింది. రైతుకూ సర్కారుకూ మధ్య తగాదాను తీర్చగలిగిన మునసబు ఎవడూ లేడు. ఆ మునసబే శిస్తు వసూలు చేసే గ్రామాధికారి కూడా. 1822లో ఐదో రెగ్యులేషన్ ద్వారా జమీందార్లకూ రైతులకూ మధ్య నడిచే కౌలు వ్యాజ్యాలు సైతం జిల్లా కోర్టుల నుంచి కలెక్టర్ల చేతికి మారాయి. ఖర్చు తగ్గిందన్నమాట నిజం. దానికి బదులుగా వసూలుదారే న్యాయనిర్ణేత అయ్యాడు. మన్రో ఉద్దేశాన్ని శంకించనవసరం లేదు గాని, అతడి సంస్కరణ ఫలితాన్ని మాత్రం ఇలాగే చదవాలి.

ఒకే వాక్యంలో రెండు ఫిర్యాదులు

1852లో మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి చొరవతో ఏర్పడిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు ఒక మహజరు పంపింది. ప్రజల కష్టాలకు ముఖ్యకారణాలుగా అది రెండింటిని పక్కపక్కనే పేర్కొంది. మొదటిది అధికమైన పన్నులు, వాటి వసూలులో పెట్టే యాతనలు. రెండోది కంపెనీ కోర్టులు చాలకపోవడం, వాటిలో జరిగే జాప్యం, అయ్యే ఖర్చు. ఈ రెండు ఫిర్యాదులను చరిత్రకారులు విడదీసి, ఒకదాన్ని ఆర్థికచరిత్రలోనూ మరొకదాన్ని న్యాయచరిత్రలోనూ చర్చించారు. మహజరు రాసినవారు విడదీయలేదు. పన్ను భారమని ఒప్పించడానికి వెళ్ళవలసిన చోటు కూడా భారమైనప్పుడు అవి వారికి ఒకే కష్టం.

ఆ మహజరు తరువాత పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమర్ మద్రాసు రాష్ట్రానికి వచ్చి చూసి వెళ్ళాడు. 1854లో కామన్స్ సభలో చర్చ జరిగింది. ఇలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులుగా ఏర్పడ్డ చిత్రహింసల విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలులో కిట్టి బిగించడం, ఒంటిని వంచి కట్టి ఎండలో నిలబెట్టడం వంటివి నిజంగానే జరుగుతున్నాయని సంఘం తేల్చింది. ఎక్కువమంది పాఠకులు ఆ హింసల పట్టిక దగ్గరే ఆగిపోతారు. కొన్ని అణాల బాకీకి దెబ్బలు తిన్నవాడు ఫిర్యాదు ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు సంఘం ఇచ్చిన సమాధానం మన విషయానికి అంతకంటె ముఖ్యం. అధికారి కూర్చునే ఊరు దూరం, అక్కడ మకాం వేసి ఎదురుచూడటానికి డబ్బు కావాలి, తిరిగి వచ్చాక అదే తాలూకా ఉద్యోగుల కింద బతకాలి. ఫిర్యాదుకు అయ్యే ఖర్చు పోయిన మొత్తానికి ఎన్నో రెట్లు ఉన్నప్పుడు మౌనమే లాభసాటి అన్న సంగతి 1855 నాటికే అధికారిక కాగితాల్లోకి ఎక్కింది.

1864 చట్టం

చిత్రహింసల అపకీర్తి తరువాత వసూలుకు ఒక క్రమం కావాలనిపించింది. మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం, అంటే 1864 నాటి రెండో చట్టం, ఆ అవసరం నుంచి పుట్టిందని చెప్పవచ్చు. దెబ్బల స్థానంలో నోటీసు వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆ నోటీసులో ఏముందో చదవాలి.

ఐదో సెక్షన్ ప్రకారం బకాయిని, దానిమీద వడ్డీని, వసూలు చర్యలకు అయిన ఖర్చులను కలిపి రైతు చరాస్తి, స్థిరాస్తి అమ్మిగాని, అతణ్ణి నిర్బంధించిగాని కలెక్టరు రాబట్టుకోవచ్చు. వడ్డీ ఏడాదికి ఆరు శాతం. ఇందుకు కలెక్టరు ఏ కోర్టుకూ వెళ్ళనక్కర్లేదు. దావా లేదు, డిక్రీ లేదు, స్టాంపు లేదు. భూమి జప్తుకు ముందు ఇవ్వవలసిన డిమాండు నోటీసులో బాకీ మొత్తం, భూమి వివరం, బకాయిదారు పేరు, చెల్లించడానికి ఇచ్చిన గడువుతో పాటు, ఆ నోటీసు తెచ్చి ఇచ్చినవాడికి రావలసిన బత్తా కూడా రాయాలని 25వ సెక్షన్ చెబుతుంది. మన్రో కాలంలో వాకిట్లో కూర్చున్న బంట్రోతు బత్తా ఇక్కడ అచ్చులో ప్రత్యక్షమైంది. నోటీసు, జప్తు, దండోరా, వేలం అన్న ఒక్కొక్క మెట్టుకూ ఒక ఖర్చు చేరి అసలు బాకీ పెరుగుతుంది. వేలంలో కొన్నవాడికి ఆ భూమి మీద ఉన్న పాత తాకట్లతో సంబంధం లేకుండా దక్కుతుందని 42వ సెక్షన్. బాకీ ఇంకా తీరక, రైతు బుద్ధిపూర్వకంగానే ఎగవేస్తున్నాడని కలెక్టరు నమ్మితే, 48వ సెక్షన్ కింద ఖైదు. బాకీ 50 రూపాయలు మించకపోతే మూడు నెలలు, 500 మించకపోతే ఆరు నెలలు, ఆపైన రెండేళ్ళ వరకు. జైల్లో ఉన్నంతమాత్రాన బాకీ రద్దు కాదని కూడా అక్కడే స్పష్టం చేశారు.

ఇంతవరకు రాజ్యం చేతిలో ఉన్న సాధనాలు. రైతు చేతిలో ఉన్నవి చట్టం చివరలో రెండు సెక్షన్లు. శిస్తు రేటును గాని, విధించిన మొత్తాన్ని గాని ఏ సివిల్ కోర్టూ విచారించరాదని 58వ సెక్షన్ శాసించింది. ఈ చట్టం కింద జరిగిన చర్యల వల్ల నష్టపోయామనుకున్నవారు సివిల్ కోర్టుకు వెళ్ళవచ్చునని 59వ సెక్షన్ అనుమతించింది. అయితే కారణం పుట్టిన ఆరు నెలల్లోపు దావా పడాలి. ఇద్దరు రైతుల మధ్య భూమి స్వాధీనానికి వచ్చే దావాకు ఆనాటి కాలపరిమితి చట్టం పన్నెండేళ్ళు ఇచ్చింది. అదే భూమి సర్కారు వేలంలో పోతే ఆరు నెలలు.

25వ సెక్షన్‌లో ఇంకొక మాట ఉంది. చెల్లించడానికి ఇచ్చే గడువును, భూమి ఉన్న చోటికీ డబ్బు కట్టవలసిన చోటికీ మధ్య ఉన్న దూరాన్ని బట్టి నిర్ణయించాలట. రైతు డబ్బు తెచ్చి కట్టడానికి దూరం లెక్కలోకి వచ్చింది. కోర్టుకు వెళ్ళడానికి దూరం లెక్కలోకి రాలేదు. 1882 జనవరిలో అనంతపురం వేరే జిల్లా అయ్యేదాకా బుక్కరాయసముద్రానికి జిల్లా కేంద్రం బళ్ళారి. అంటే సుమారు నూరు కిలోమీటర్లు. చెరువు కట్ట మీద నడిచి వెళ్ళగలిగిన దూరంలోకి కలెక్టరు కచేరీ వచ్చిన తరువాత కూడా రెవెన్యూ బోర్డు, హైకోర్టు మద్రాసులోనే ఉన్నాయి.

స్టాంపు కాగితం లెక్క

ఇక కోర్టు రుసుము. న్యాయం కోరి వచ్చినవాడి దగ్గర పన్ను పుచ్చుకోవడం తప్పని ఇంగ్లండులో జెరెమీ బెంథామ్ 1795లోనే ఒక పుస్తకం ప్రకటించాడు. బెంగాల్లో కోర్టు రుసుమును సమర్థిస్తూ అది తగవులమారితనాన్ని తగ్గిస్తుందని చెప్పిన పాత రెగ్యులేషన్ పీఠికను 1835లో మెకాలే తీవ్రంగా ఎగతాళి చేశాడు. రుసుము నిజాయితీపరుణ్ణీ కపటినీ ఒకేలా ఆపుతుందన్నది అతడి వాదం. మెకాలే గురించి మనకు ఎన్ని ఫిర్యాదులున్నా ఈ విషయంలో అతడు చెప్పింది సబబే. ఇద్దరి మాటా చెల్లలేదు. 1870 నాటి ఏడో చట్టం, కోర్టు రుసుముల చట్టం, దేశమంతటికీ ఒకే పట్టికను తెచ్చింది.

ఆ పట్టిక ప్రకారం దావా విలువ మొదటి ఐదు రూపాయలకు ఆరణాలు. ఆపైన నూరు రూపాయల వరకు ప్రతి ఐదు రూపాయలకూ ఆరణాలు. అంటే నూటికి ఏడున్నర. శాశ్వత పైసలా లేని భూమిని తిరిగి స్వాధీనం చేయమని వేసే దావాకు, ఆ భూమి మీద ఏడాది శిస్తుకు ఐదురెట్లు విలువ కట్టాలి. ఉదాహరణకు బుక్కరాయసముద్రంలో ఏటా పది రూపాయల శిస్తు గల చేను ఒకటి వేలంలో పోయిందనుకుందాం. దావా విలువ 50 రూపాయలు, రుసుము మూడు రూపాయల పన్నెండణాలు. ఏడాది శిస్తులో మూడో వంతుకు మించినదే అయినా, చూడగానే మోయలేని భారమనిపించదు. ఈ రుసుమును భూతంలా చూపించే జాతీయోద్యమ కాలపు రచనలతో నాకు ఇక్కడ భిన్నాభిప్రాయం ఉంది. ఐదురెట్ల సూత్రం నిజానికి రైతువారీ భూమికి కొంత వెసులుబాటు. మార్కెట్ ధర మీద లెక్క కట్టి ఉంటే రుసుము ఇంకా పెరిగేది.

భారం ఆ ఒక్క అంకెలో లేదు, దాని ఆవృత్తిలో ఉంది. అప్పీలుకూ అదే పట్టిక. మొదటి కోర్టులో ఒకసారి, అప్పీలులో ఒకసారి, రెండో అప్పీలులో ఒకసారి కడితే పదకొండు రూపాయల నాలుగణాలు. ఆ చేని మీద ఒక ఏడు శిస్తు దాటిపోయింది. స్వాధీనం అడగకుండా కేవలం తన హక్కును ప్రకటించమని కోరితే, భూమి ఎంత చిన్నదైనా స్థిరంగా పది రూపాయలు. అంటే సరిగ్గా ఒక ఏటి శిస్తు. పెద్ద కామందుకూ రెండెకరాల రైతుకూ అదే పది. వీటికి తోడు వకీలు ఫీజు, వకాల్తు స్టాంపు, వేలం కాగితాల నకళ్ళు, సమన్ల ఖర్చు, సాక్షుల బత్తా ఉంటాయి. పై కోర్టుకు పోతే తెలుగు దస్తావేజుల ఇంగ్లీషు తర్జుమా ఉంటుంది. ఓడితే ప్రభుత్వ వకీలు ఖర్చులు కూడా నెత్తిన పడతాయి. ఇవేవీ కాక, వాన పడిన అదనులో విత్తనం వేయవలసిన రోజున వాయిదాకు పోయినవాడి నష్టం ఏ పట్టికలోనూ లేదు. నల్లరేగడిలో తేమ కొన్నాళ్ళు నిలుస్తుంది. బుక్కరాయసముద్రం గరపనేలలో పదును రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. కరవుసీమలో వాయిదా అంటే ఒక్కొక్కప్పుడు ఒక పంట.

అదే 1870 చట్టంలోని 19వ సెక్షన్ కొన్ని కాగితాలకు స్టాంపు అక్కర్లేదని చెప్పింది. సర్కారు నీటిని సాగుకు ఇమ్మని పెట్టుకునే అర్జీ, సాగు పెంచుకోవడానికి చేసుకునే దరఖాస్తు, బందోబస్తు ఖాయం కాకముందు శిస్తు విషయంలో ఇచ్చే మహజరు, భూమిని వదులుకుంటానని ఇచ్చే రాజీనామా ఇందులోవి. ఈ పట్టిక చదివినప్పుడు ఒక తర్కం కనిపిస్తుంది. రైతు కలెక్టరు కచేరీ గడప లోపల ఉండి అడిగినంతవరకు కాగితం ఉచితం. గడప దాటి, కచేరీ చేసిన పని తప్పని వేరొకరితో చెప్పబోతే రుసుము. భూమిని వదిలిపెట్టడానికి స్టాంపు అక్కర్లేదు; పోయిన భూమిని తిరిగి అడగడానికి కావాలి. కరవు ఏళ్ళలో రాజీనామాలు పెరగడాన్ని రైతు సోమరితనానికో, వలస అలవాటుకో ఆపాదించిన అధికారులు ఈ తేడాను గమనించినట్టు కనబడదు.

బీదవాడికి చట్టం దారి చూపలేదా అంటే, చూపింది. రుసుము కట్టలేనివాడు పాపరు దావా వేయవచ్చు. ఒంటిమీది బట్టలు, దావాలో ఉన్న ఆస్తి మినహా నూరు రూపాయల ఆస్తి లేనివాడు పాపరు. కాడెద్దులు, బండి, నాలుగు గొర్రెలు ఉన్న రైతు ఆ హద్దు సులభంగా దాటిపోతాడు. అవి ఉన్నందువల్ల అతడు పాపరు కాడు. అవి అమ్మితే తప్ప రుసుము కట్టలేడు. అమ్మితే వ్యవసాయం లేదు. ఒకవేళ పాపరుగా దరఖాస్తు పెట్టుకున్నా, అతడి పేదరికాన్ని విచారించే రోజున ప్రభుత్వ వకీలుకు నోటీసు వెళ్ళాలి. ప్రతివాది సర్కారే అయిన దావాలో, నువ్వు పేదవాడివి కావని వాదించే అవకాశం కూడా సర్కారుదే. ఓడిన పాపరు దగ్గర రుసుము రాబట్టడానికి డిక్రీ నకలును కలెక్టరుకు పంపాలని 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. కలెక్టరు వేలం మీద దావా వేసినవాడి కాగితం తిరిగి కలెక్టరు బల్లమీదికే చేరేదన్నమాట. పైగా 1877 కోడ్ నుంచి, భారత వ్యవహారాల సచివుణ్ణి ప్రతివాదిగా చేర్చే ఏ దావాకైనా రెండు నెలల ముందస్తు నోటీసు తప్పనిసరి అయింది. ఆ నోటీసు రాయించడానికీ ఒక వకీలు కావాలి.

కరవు తరువాత వేలాలు

1876-78 ధాతుకరవు ఈ సీమను తుడిచిపెట్టింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య అనంతపురం ప్రాంతపు జనసంఖ్య ఐదో వంతుకు దగ్గరగా తగ్గిపోయింది. చనిపోయినవారి పేర్లు, వలసపోయినవారి పేర్లు పట్టాల్లో అలాగే ఉన్నాయి. మనిషి దొరకనప్పుడు నోటీసును ఇంటికో, చేనికో అంటిస్తే చాలునన్నది చట్టం. ఖాళీ ఇంటి తలుపుకు అంటించిన కాగితం నుంచి కూడా ఆరు నెలల గడియారం నడుస్తుంది.

1879-80 నుంచి 1889-90 వరకు పదకొండేళ్ళలో మద్రాసు రాష్ట్రం మొత్తం మీద 8,40,713 మంది బకాయిదార్లకు చెందిన 19,63,364 ఎకరాలను శిస్తు బాకీ కింద వేలం వేశారు. బొంబాయి సివిల్ సర్వీసులో పనిచేసిన రోజర్స్ 1893లో లండన్ అధికారుల దృష్టికి తెచ్చిన ఈ లెక్కలను తరువాత రమేశ్ చంద్ర దత్తు తన రచనల్లో ఉదహరించాడు. అందులో 11,74,143 ఎకరాలకు పాటదారు దొరకక సర్కారే కొనుక్కోవలసి వచ్చింది. శిస్తు న్యాయమైనదైతే ఆ భూమి కొనడానికి మనుషులు ఎందుకు రాలేదన్నది దత్తు ప్రశ్న. నా ప్రశ్న దానికి పక్కన నిలుస్తుంది. ఎనిమిది లక్షల పైచిలుకు మందిలో ప్రతి ఒక్కరికీ 59వ సెక్షన్ దావా హక్కు ఇచ్చింది. ఒక్కొక్కరి వాటాకు సగటున రెండున్నర ఎకరాలు కూడా రావు. ఆ రెండున్నర ఎకరాల మెట్టను, అందులోనూ పాటదారు లేని మెట్టను, తిరిగి సంపాదించడానికి మూడు కోర్టుల రుసుము పెట్టేవాడు ఎవడు? వేలం చెల్లదని తేలినా పోయేది వేలం మాత్రమే. ఆ శిస్తు అలాగే ఉంటుంది, దాన్ని 58వ సెక్షన్ కాపాడుతుంది.

ఖర్చు భరించగలిగినవాడికి ఫలితం ఎలా ఉండేదో ఉత్తరాంధ్ర నుంచి ఒక వ్యాజ్యం చూపుతుంది. వంశధార నీటిని పాత కాలువల ద్వారా వాడుకున్నందుకు 1865 నాటి నీటితీరువ చట్టం కింద సర్కారు వేసిన పన్నును ఉర్లాం జమీందారు ఎదిరించాడు. వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1917లో జమీందారు పక్షాన తేలింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఉర్లాం కేసును నీటిహక్కుల కేసుగా చదువుతారు. దాన్ని ఖర్చుల కేసుగా కూడా చదవవచ్చు. సర్కారు చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకోగలదని, ఆ తప్పు పైకోర్టులో నిలవకపోవచ్చునని అది రుజువు చేసింది. ఆ రుజువును లండన్ దాకా మోసుకుపోవడానికి ఒక జమీ కావలసి వచ్చింది. బుక్కరాయసముద్రం చెరువు కింద తరి సాగుచేసేవాడికి జమీ లేదు; రైతువారీ పద్ధతి గర్వంగా చెప్పుకున్నది కూడా అదే.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. మద్రాసు రాష్ట్రపు రైతు వ్యాజ్యప్రియుడని, మునసబు కోర్టులు కిటకిటలాడుతుండేవని వలసాధికారులు తరచూ రాశారు. అలాంటప్పుడు ఖర్చు అడ్డమైందనడం ఎలా కుదురుతుంది? ఆ కిటకిటలాడిన కోర్టుల్లో నడిచిన వ్యాజ్యాలు చాలావరకు ప్రోనోట్లవి, దాయభాగాలవి, గట్టు తగాదాలవి. అక్కడ ప్రతివాది కూడా అదే ఊరివాడు. అతడికీ అదే ఖర్చు, అదే దూరం, అదే అదను పోయే భయం. ఇద్దరూ సమానంగా అలిసిపోతారు గనుక రాజీ కుదిరే అవకాశం ఉంటుంది. వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత అటువంటి వ్యాజ్యాల నుంచే పుట్టి ఉంటుంది. శిస్తు వ్యాజ్యంలో రెండో పక్షం అలిసిపోదు. దాని వకీలుకు జీతం రైతు కట్టిన శిస్తులోంచే వస్తుంది. కాబట్టి రైతు పొరుగువాడి మీద దావా వేసి, కలెక్టరు మీద వేయకపోవడంలో వైరుధ్యం లేదు. రెండు ఖర్చులనూ అతడు సరిగ్గానే లెక్క వేసుకున్నాడు.

ఈ దృష్టితో చూస్తే గ్రామస్థాయి కాగితాలను చదివే తీరు మారాలి. దాఖలు కాని దావాకు నంబరు ఉండదు. అయితే దాని జాడలు వేరే చోట పడతాయి. పట్టా పేరు మారిన తేదీలు, వేలం అయిన కొద్దికాలానికే అదే కుటుంబంలో మరొకరి పేర దరఖాస్తు మీద తిరిగి వచ్చిన సర్వే నంబర్లు, రాజీనామా పెట్టిన చేను పక్కన కౌలుదారుగా మళ్ళీ కనిపించే ఇంటిపేరు, వేలానికి రెండు రోజుల ముందు షావుకారుకు రాసిచ్చిన తాకట్టు పత్రం అటువంటివి. కోర్టు ఖర్చుకంటె షావుకారు వడ్డీ చౌక అని రైతు నిర్ణయించుకున్న క్షణం ఆ తాకట్టు పత్రంలో ఉంటుంది. కోర్టు తీర్పుల సంపుటాలను మాత్రమే తిరగేసే పరిశోధకుడికి ఉర్లాం దొరుకుతుంది. బుక్కరాయసముద్రం దొరకాలంటే అడంగళ్ళు, రిజిస్ట్రేషను దస్తావేజులు, జమాబందీ లెక్కలు పక్కపక్కన పెట్టి చదవాలి.

1870 నాటి రుసుముల పట్టిక స్థానంలో మనకు 1956లో ఆంధ్రప్రదేశ్ కోర్టు రుసుముల చట్టం వచ్చింది. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం మాత్రం రాష్ట్రం పేరు మార్చుకుని ఇంకా అమలులో ఉంది. నోటీసు తెచ్చినవాడి బత్తా, 58వ సెక్షన్ నిషేధం, 59వ సెక్షన్ ఆరు నెలలు అందులో ఉన్నాయి.